హార్టికల్చర్ చదివితే ఏం ఉద్యోగం వస్తుంది? బొబ్బిలి చెల్లికి నా జవాబు

చెల్లీ, నువ్వు రాసిందంతా చదివాను. ఇంటర్ బైపీసీ అయింది, నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు, ఈఏపీసెట్ ర్యాంకుతో హార్టికల్చర్, అంటే పళ్లు, కూరగాయలు, పూల తోటల ఉద్యాన డిగ్రీ, రావచ్చంటున్నారు. నాన్నగారేమో "మూడెకరాల మామిడితోట నేను చదువు లేకుండానే చూసుకుంటున్నాను కదా, దానికి నాలుగేళ్ల డిగ్రీ ఎందుకు" అంటున్నారు, మీ మామయ్య "చేరితే అగ్రికల్చర్‌లోనే చేరాలి, హార్టికల్చర్‌కి ఉద్యోగాలు లేవు" అంటున్నారు, నీకేమో లాంగ్ టర్మ్ తీసుకుని ఇంకో ఏడాది నీట్ రాయాలా అన్న టెన్షన్. ఇదే కదా. నేను చదివింది హార్టికల్చరే. మొదట ఒక డ్రిప్ కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం చేశాను, ఇప్పుడు పలాస దగ్గర జీడి, మామిడి అంట్ల నర్సరీ నడుపుతూ ఉద్దానం రైతుల తోటలు తిరుగుతున్నాను. నాకు తెలిసింది దాచకుండా చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

సూటిగా చెప్పాలంటే, చేరు. అయితే పట్టా చేతికి రాగానే ఉద్యోగం వెతుక్కుంటూ వస్తుందని మాత్రం చేరకు. డిగ్రీ ఇచ్చేది అర్హత. ఫలానా పరీక్ష రాయొచ్చు, ఫలానా లైసెన్సుకు పెట్టుకోవచ్చు, పీజీకి వెళ్లొచ్చు, అంతవరకే. నిన్ను పిలిచి పని ఇచ్చేది ఏదో ఒక పంట మీద నీకున్న పట్టు. నాలుగేళ్లలో పళ్లు, కూరగాయలు, పూలు, సుగంధ ద్రవ్యాలు, తోట పంటలు అన్నీ కొంచెం కొంచెం చదువుతావు, నీ క్లాసులో అందరూ అదే చదువుతారు. వాటిలో మన నేలలో పండే ఒక్క పంటను పట్టుకుని, నర్సరీ సంచి దగ్గర్నుంచి మార్కెట్లో ధర దాకా నేర్చుకున్నవాళ్లు పని లేక కూర్చోవడం నేనైతే చూడలేదు. మిగతాదంతా ఈ ఒక్క మాట చుట్టూనే చెప్తాను.

నీట్ గురించి ఎక్కువ చెప్పను. డాక్టర్ కావాలన్న కోరిక నీ లోపల నిజంగా ఉంటే ఇంకో ఏడాది రాయి, తప్పేం లేదు. చుట్టాలు ఏమనుకుంటారో అన్న భయంతో అయితే వద్దు.

మామయ్యగారి మాట సంగతి చూద్దాం. అగ్రికల్చర్ మంచి చదువే, శ్రీకాకుళం పక్కన నైరాలో వ్యవసాయ కాలేజీ కూడా ఉంది. ప్రభుత్వంలో వ్యవసాయ అధికారి పోస్టులు అగ్రికల్చర్ వాళ్లకు, ఉద్యాన అధికారి పోస్టులు హార్టికల్చర్ వాళ్లకు. బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి ఉద్యోగానికైతే ఇద్దరూ అర్హులే. అగ్రికల్చర్‌కి పోస్టులు ఎక్కువ, నిజమే, కానీ ఏటా బయటికొచ్చే పట్టభద్రులూ ఎక్కువే. నేను ఇంకోలా ఆలోచించమంటాను. మన శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం మూడు జిల్లాల్లో రైతు చేతికి నగదు తెచ్చే పంటలు ఏవో ఒకసారి లెక్క వేసుకో. ఉద్దానంలో జీడి, కొబ్బరి, పనస. విజయనగరం వైపు మామిడి, అరటి. సీతంపేట కొండల్లో అనాస, పసుపు, జీడి. పార్వతీపురం, సాలూరు వైపు పెరుగుతున్న ఆయిల్ పామ్. వరి, చెరకు పక్కన పెడితే మిగిలినవి దాదాపు అన్నీ ఉద్యాన పంటలే. ఆ తోటలు చూసే మనిషి కావాలి కదా. ఇప్పటికీ చాలా ఊళ్లలో రైతుకు సలహా ఇచ్చేది మందుల దుకాణమే, దుకాణంలో ఏ డబ్బా ఉంటే అదే సలహా.

ఎక్కడ చదవాలి అనడిగావు. మనకు ఉద్యాన విశ్వవిద్యాలయం తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో ఉంది, 2007లో పెట్టారు. దాని కిందే వెంకటరామన్నగూడెం, అనంతరాజుపేట, చినలాటరపి, పార్వతీపురం కాలేజీలు ఉన్నాయి. పార్వతీపురం మీ బొబ్బిలికి ఎంత దూరమో నీకే తెలుసు. ఇంటికి దగ్గర కాబట్టి అదే పెట్టుకో అని మీ వాళ్లు అంటారు, నేనూ అదే అంటాను గానీ కారణం వేరు. చుట్టూ కొండలు, మెట్ట భూములు, జీడితోటలు, గిరిజన రైతులు, మామిడి తోపులు. నువ్వు రేపు పని చేయబోయే నేల మీదే చదువుకుంటావు. ఏదైనా ప్రైవేటు కాలేజీ వాళ్లు సీటిస్తామని ఫోన్ చేస్తే మాత్రం ముందు ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధనా మండలి) గుర్తింపు ఉందా లేదా చూడు. అది లేని డిగ్రీతో తర్వాత పీజీ దగ్గర, కొన్ని ఉద్యోగాల దగ్గర ఆగిపోతావు. ఫీజు కట్టాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

సీటు విషయంలో మీ నాన్నగారి పాసుపుస్తకం పనికొస్తుంది. ఈ కోర్సుల్లో రైతు కుటుంబాల పిల్లలకు విడిగా కోటా ఉంది. పల్లెటూరి బడిలో చదివిన ఏళ్లకు స్టడీ సర్టిఫికెట్లు, పొలం కాగితాలు అడుగుతారు. ఎన్నేళ్లు చదివి ఉండాలి, ఎంత భూమి ఉండాలి అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకో, ఎవరో చెప్పింది నమ్మకు. ఇంకో దారి కూడా ఉంది, మన వైపు పిల్లలకు పెద్దగా తెలియదు. దేశంలోని వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల్లో 20 శాతం సీట్లు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా జాతీయ కోటాలో నింపుతారు. అలా వేరే రాష్ట్రం వెళ్లి చదివేవాళ్లకు స్కాలర్‌షిప్ కూడా ఉంటుంది. మీ తమ్ముడు పదో తరగతి అన్నావు కదా, అతనికి ఇంటర్ అక్కర్లేకుండా రెండేళ్ల ఉద్యాన డిప్లొమా ఉంది, తర్వాత డిప్లొమా వాళ్లకు పెట్టే హార్టిసెట్ ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలోకి రావచ్చు.

ఇక లోపల ఏం చదువుతావు అన్నది. నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. మొదటి ఏడాది నీకు విసుగొస్తుంది, ముందే చెప్తున్నాను. నేల శాస్త్రం, మొక్కల శరీర ధర్మం, జన్యుశాస్త్రం, గణాంకాలు, ఇంటర్‌లో పూర్తయిందనుకున్నదంతా మళ్లీ వస్తుంది. గణాంకాలంటే చాలామంది పాసైతే చాలనుకుంటారు. అలా అనుకోకు. రేపు ఒక కంపెనీ వచ్చి "మా మందు కొడితే కాపు పెరిగింది" అని పట్టిక చూపిస్తే, అది నిజంగా మందు వల్ల పెరిగిందా, ఆ ఏడాది వాన బాగా పడి పెరిగిందా, పక్కన మందు కొట్టని చెట్లు వదిలారా లేదా అని అడగగలగాలి. ఆ ప్రశ్న గణాంకాల క్లాసు నుంచే వస్తుంది, రైతు డబ్బు కాపాడేది కూడా అదే.

నాలుగేళ్లలో ఒక్క ప్రాక్టికల్ కూడా వదలకూడనిది మొక్కల ప్రవర్ధనం, అంటే అంట్లు కట్టడం. జీడికి మెత్తకొమ్మ అంటు కడతాం. పిక్క నాటి నెలన్నర, రెండు నెలలైన మొక్క తల కోసి, కాండం మధ్యలో నిలువుగా చీలిక పెట్టి, బాగా కాసే తల్లిచెట్టు నుంచి తెచ్చిన పెన్సిల్ లావు కొమ్మను రెండు వైపులా ఏటవాలుగా చెక్కి అందులో దింపి, పాలిథీన్ రిబ్బనుతో గాలి చొరకుండా బిగించి కడతాం. ఆ కొమ్మకు వారం పది రోజుల ముందే చెట్టు మీదే ఆకులు కత్తిరించి, కొన మొగ్గ ఉబ్బేలా చేసి ఉంచాలి. రాస్తే నాలుగు వాక్యాలు. చేతికి రావడానికి మాత్రం వందల అంట్లు పాడవ్వాలి. కత్తి పదును తక్కువైతే కోత నలుగుతుంది, రెండు బెరళ్ల కింది పచ్చని పొర ఒకదానికొకటి తగలకపోతే అంటు అతకదు, గాలిలో తేమ లేని రోజుల్లో కడితే కొమ్మ ఎండిపోతుంది. క్లాసులో మీకు రెండు మూడు గంటలు చూపించి వదిలేస్తారు, అంతకన్నా వాళ్లకు టైం ఉండదు. నువ్వు సెలవుల్లో ఏదైనా నర్సరీకి వెళ్లి జూన్ నుంచి సెప్టెంబరు మధ్య, ఆ తేమ రోజుల్లో, అంట్లు కట్టే ఆడవాళ్ల పక్కన కూర్చో. మా నర్సరీలో డిగ్రీ ఉన్నవాళ్ల కంటే వాళ్ల అంట్లే ఎక్కువ బతుకుతాయి. కొమ్మ ఎందుకు ఎండిందో, ఏ తల్లిచెట్టును ఎంచుకోవాలో నువ్వు చెప్పగలవు, ఎలా కోయాలో వాళ్లు చూపిస్తారు. ఆ రెండూ ఒక్క మనిషిలో కలిస్తే ఆ మనిషికి మా దగ్గరే కాదు, కడియం నర్సరీల్లో అయినా పని దొరుకుతుంది.

ఒక పంటను పట్టుకోమన్నాను కదా, అదెలా ఉంటుందో జీడితోనే చూపిస్తాను, ఎందుకంటే నాకు తెలిసింది అదే.

ఉద్దానంలో తోటలు చాలావరకు ముదురువి, పిక్క నాటి పెంచినవి. పిక్కతో వచ్చిన చెట్టు తల్లిలా కాయదు, ఒకటి విరగకాస్తే పక్కది పచ్చగా ఊరికే నిలబడుతుంది. అందుకే అంటుమొక్క. బాపట్ల పరిశోధనా స్థానం ఇచ్చిన బీపీపీ-8 మన కోస్తాలో బాగా నిలబడ్డ రకం, పిక్క సుమారు 8 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు ఒక రైతు తన ముదురు తోట కొట్టేసి కొత్తది వేయాలా, కొమ్మలు నరికి కొత్త చిగురుకు అంట్లు కట్టించాలా అని అడిగాడనుకో. దానికి పుస్తకంలో ఒకే జవాబు ఉండదు. కాండం తొలిచే పురుగు ఎన్ని చెట్లకు పట్టిందో మొదళ్ల దగ్గర బంక, రంపపు పొట్టు చూసి చెప్పాలి, చెట్ల మధ్య దూరం కొలవాలి, రైతు ఎన్నేళ్లు ఆదాయం లేకుండా ఆగగలడో అడగాలి. చివరిది అడగకుండా సలహా ఇచ్చేవాళ్లే ఎక్కువ.

నవంబరులో లేత చిగురు వస్తుంది, దానితోపాటే టీ దోమ అనే రసం పీల్చే పురుగు. చిగురు, పూత కాడలు నల్లబడి మాడిపోతాయి, దూరం నుంచి చూస్తే తోటకు నిప్పంటుకున్నట్టు కనిపిస్తుంది. చిగురు దశలో, పూత దశలో, పిందె దశలో చూసుకుని మందు కొట్టాలి. అయితే జీడికి పరాగం మోసేది తేనెటీగలు, ఇతర కీటకాలు, కాబట్టి పూత విచ్చిన తోటలో పొద్దున్న పూట మందు కొడితే దోమతోపాటు పిందెను కూడా పోగొట్టుకున్నట్టే. ఏ మందు, ఎంత అన్నది లేబుల్ మీద ఉంటుంది. ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు ఆగాలి అన్నది తోటలో నిలబడ్డ మనిషికే తెలుస్తుంది. నువ్వు నాలుగేళ్లూ ప్రతి నవంబరులో ఒకే తోటకు వెళ్లి చిగుళ్లు చూసి రాసుకుంటే, ఏ సంవత్సరం దోమ ఎందుకు ముందొచ్చిందో నీకు అర్థం కావడం మొదలవుతుంది.

మార్చి నుంచి మే దాకా పిక్కలు రాలతాయి. రైతు వాటిని ఎండలో ఆరబెట్టకుండా తేమతో అమ్మేస్తే వ్యాపారి ధర కోస్తాడు, తేమ 8, 9 శాతానికి రావాలి. మన దగ్గర బేరం 80 కిలోల బస్తా లెక్కన నడుస్తుంది. పలాస, కాశీబుగ్గలో ఫ్యాక్టరీలకు మన పిక్కలు చాలవు, ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతి అవుతాయి. అందుకే ఇక్కడ ధర మన తోటల్లో కాపుతోనే తేలదు, అక్కడ పంట ఎలా ఉందో, ఓడ ఎప్పుడొస్తుందో దాన్ని బట్టి కూడా కదులుతుంది. ఫ్యాక్టరీలో పిక్కను ఉడికించి, పగలగొట్టి, పప్పు ఆరబెట్టి, పొర తీసి, గ్రేడు చేస్తారు. డబ్ల్యూ-320 అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 తెల్లని గుండు పప్పులు తూగేది. డబ్ల్యూ-180 అంటే ఇంకా పెద్ద పప్పు, ఇంకా ఎక్కువ ధర. మరి తోటలో పిక్క సైజు, పప్పు శాతం పెరిగితే ఆ లాభం రైతుకు ఎందుకు అందట్లేదు? నాణ్యత చూసి కొనే పద్ధతి ఊళ్లో లేకపోవడం వల్ల, అందరి పిక్కా ఒకే బస్తాలో కలిసిపోవడం వల్ల. ఆ పని చేయడానికి రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఉన్నాయి, వాటికి తేమ కొలిచే, పప్పు శాతం తీసి చూపించే చదువుకున్న పిల్లలు కావాలి.

చూశావా, ఒక్క పంట వెంట నడిస్తే ఎన్ని పనులు కనిపించాయో. నర్సరీ, తోట సలహా, పురుగు అంచనా, కొనుగోలు కేంద్రం, ఫ్యాక్టరీలో క్వాలిటీ, ఎగుమతి కాగితాలు, బ్యాంకులో తోట లోను అంచనా, పంట నష్టం లెక్క. "హార్టికల్చర్‌కి ఉద్యోగాల్లేవు" అనేవాళ్లు ప్రభుత్వ నోటిఫికేషన్ ఒక్కటే చూసి అంటారు.

పంట నష్టం అన్నాను కాబట్టి తిత్లీ గురించి చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను మన పలాస దగ్గర తీరం దాటింది, నువ్వప్పుడు చిన్నపిల్లవి. ఉద్దానంలో కొబ్బరి, జీడి నేలమట్టమయ్యాయి. వరి పోతే వచ్చే పంటకాలానికి మళ్లీ వేస్తారు, పొడుగు రకం కొబ్బరి నాటితే కాపుకు ఆరేడేళ్లు ఆగాలి. ఆ రోజుల్లో ఊళ్లకు కావలసింది ఓదార్పు ఒక్కటే కాదు. ఏ చెట్టు లేపి నిలబెడితే బతుకుతుంది, ఏది కొట్టేయాలి, విరిగిన కొమ్మను ఎక్కడ కోసి కోతకు బోర్డో పేస్టు పూయాలి, అది ఎలా కలపాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు, రెండూ వేరువేరుగా కరిగించి ప్లాస్టిక్ బకెట్‌లో కలపాలి, ఇనుప పాత్ర వాడకూడదు. నువ్వు సెకండియర్‌లో ఒక మార్కు ప్రశ్నగా చదివే విషయం ఇది. కూలిన తోటలో ఏం చేయాలో తెలియక నిలబడ్డ రైతుకు మాత్రం ఆ రోజు అదే కావాలి. మన తీరానికి తుఫాన్లు మళ్లీ వస్తాయి. గాలిని అడ్డుకునే చెట్ల వరసలు ఎక్కడ నాటాలి, ఏ రకం కొబ్బరి వేయాలి, జీడికి కొమ్మ కత్తిరింపులు ఎలా చేస్తే గాలి చెట్టులోంచి పోతుంది అన్న ప్రశ్నల మీద పని చేసే ఉద్యానవాళ్లు మన జిల్లాకు ఇంకా చాలామంది కావాలి. నాకైతే ఈ చదువు విలువ ఇక్కడే కనిపిస్తుంది.

నువ్వు జీడి పట్టుకోనక్కర్లేదు, మీ ఇంట్లోనే మామిడి ఉంది. మీ నాన్నగారి తోటలో సువర్ణరేఖ చెట్లు ఉన్నాయన్నావు. ముందుగా కోతకొచ్చే రకం, ఎర్రటి బుగ్గతో చూడగానే కొనాలనిపిస్తుంది, అందుకే సీజను మొదట్లో దానికి గిరాకీ. విజయనగరం మామిడి రైళ్లలో ఢిల్లీ దాకా వెళ్తుంది. మరి మీ తోట కాయకు ఎంత ధర వచ్చింది, మచ్చ ఉందని ఎంత తీసేశారు, పండు ఈగ వల్ల ఎంత పోయింది, ఎప్పుడైనా రాసి పెట్టారా? నువ్వు చేరిన రోజు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టు. పూత ఎప్పుడొచ్చింది, తేనెమంచు పురుగు ఎప్పుడు కనిపించింది, ఏం కొట్టారు, ఎంత ఖర్చు, ఎన్ని టన్నులు, తోట గుత్తకు ఇస్తే ఎంత, సొంతంగా కోయిస్తే ఎంత. కొన్ని చెట్లకు పండు ఈగ ఎరలు కట్టు, కొన్ని కాయలకు కాగితపు కవర్లు తొడుగు, కొన్ని వదిలెయ్, తేడా లెక్క కట్టు. కార్బైడ్‌తో మగ్గించడం నిషేధం, ఇథిలీన్ గదుల్లో మగ్గించడం అనుమతి ఉన్న పద్ధతి, దగ్గర్లో అలాంటి గది ఎక్కడుందో వెళ్లి చూసి ఖర్చు కనుక్కో. డిగ్రీ అయ్యేసరికి నాలుగు సీజన్ల లెక్క నీ చేతిలో ఉంటుంది. ఇంటర్వ్యూలో ఆ పుస్తకం బల్ల మీద పెట్టు, నేను ఉద్యోగమిచ్చే మనిషిగా చెప్తున్నాను, మార్కుల లిస్టు తర్వాత చూస్తాను.

చివరి ఏడాదిలో మిమ్మల్ని ఊళ్లకు పంపిస్తారు, రైతుల దగ్గర ఉండి నేర్చుకోవడానికి. దాన్ని చాలామంది రిపోర్టు కాపీ కొట్టి, నాలుగు ఫొటోలు దిగి పూర్తి చేస్తారు. నువ్వు అలా చేయకు. ఆ నెలల్లోనే రైతు నీ మాట ఎప్పుడు వింటాడో, ఎప్పుడు మొహమాటానికి తలూపుతాడో తెలుస్తుంది. ఆ తర్వాత మీరే ఒక పంట పండించో, నర్సరీ పెట్టో, జామ్ చేసో అమ్మే కోర్సు ఉంటుంది, అందులో లెక్కలు రాసే బాధ్యత నువ్వు తీసుకో. మొక్క పెంచడం అందరికీ ఇష్టమే, ఖర్చు రాయడం ఎవరికీ ఇష్టం ఉండదు, రేపు నువ్వు సొంతంగా ఏదైనా పెడితే అదే నిన్ను నిలబెడుతుంది.

ఉద్యోగాల గురించి విడిగా అడిగావు కాబట్టి చెప్తాను. ప్రభుత్వంలో ఏపీపీఎస్సీ ద్వారా ఉద్యాన అధికారి పోస్టులు వస్తాయి, 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు గ్రామ ఉద్యాన సహాయకుల పోస్టులు వచ్చాయి. ఏటా నోటిఫికేషన్ వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకు, వచ్చినప్పుడు సిద్ధంగా ఉండు, ఈలోగా పని చేస్తూ ఉండు. గదిలో తలుపేసుకుని మూడు నాలుగేళ్లు కోచింగ్‌లోనే గడిపి చేతి పని మర్చిపోయిన తెలివైన పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. బ్యాంకు వ్యవసాయ అధికారి పరీక్ష ఐబీపీఎస్ పెడుతుంది, 20 నుంచి 30 ఏళ్ల వయసు లోపు రాయాలి, రీజనింగ్, ఇంగ్లీషు, లెక్కలతోపాటు సబ్జెక్టు పేపరు ఉంటుంది. మూడో ఏడాది నుంచే రోజూ కాసేపు చదివితే చాలు. పీజీ ఆలోచన ఉంటే ఐసీఏఆర్ ప్రవేశ పరీక్ష రాసి పండ్ల శాస్త్రమో, కూరగాయల శాస్త్రమో తీసుకోవచ్చు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో భారత ఉద్యాన పరిశోధనా సంస్థ, కొబ్బరికి అంబాజీపేట, ఆయిల్ పామ్‌కు పెదవేగి, ఇవన్నీ పరిశోధన చేసే చోట్లు, సెలవుల్లో ఒకసారి వెళ్లి చూసి రా. కొబ్బరి మీద సర్పిలాకార తెల్లదోమ వచ్చి ఆకులు మసిబారినప్పుడు అంబాజీపేటలో మేలు చేసే శిలీంద్రాన్ని, మిత్ర పురుగుల్ని పెంచి రైతులకు అందించారు. అక్కడి ల్యాబ్ చూస్తే పరిశోధన అంటే ఏంటో పుస్తకం కంటే బాగా అర్థమవుతుంది.

ప్రైవేటులో విత్తన కంపెనీలు, డ్రిప్ కంపెనీలు, టిష్యూ కల్చర్ అరటి ల్యాబులు, పండ్ల గుజ్జు ఫ్యాక్టరీలు, ల్యాండ్‌స్కేప్ పనులు. మొదటి జీతం తక్కువే ఉంటుంది, తిరుగుడు ఎక్కువ, టార్గెట్లు ఉంటాయి. అయినా రెండేళ్లు చెయ్యమంటాను. డ్రిప్ కంపెనీలో ఉన్నప్పుడే నాకు రైతు డబ్బు ఎప్పుడు తీస్తాడు, ఎందుకు తీయడు అన్నది అర్థమైంది. సొంతంగా పెట్టాలనుకుంటే అగ్రి క్లినిక్ పథకం ఉంది, 2002 నుంచి నడుస్తోంది, హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ ఆధ్వర్యంలో 45 రోజుల ఉచిత శిక్షణ, తర్వాత బ్యాంకు లోను, ఆడవాళ్లకు 44 శాతం సబ్సిడీ. శిక్షణ తేలికే, లోను దగ్గర బ్యాంకు మేనేజరు ప్రాజెక్టు లెక్క అడుగుతారు, అందుకే ఇందాక లెక్కలు రాయమన్నది. నర్సరీ పెడితే ఉద్యాన శాఖలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తల్లిచెట్లు ఎక్కడివో చూపించాలి. రైతు ఈ రోజు కొన్న మొక్క మంచిదో కాదో నాలుగేళ్లకు గానీ తేలదు కాబట్టి ఆ నియమం ఉండాల్సిందే.

ఆడపిల్ల తోటలెంట తిరగడం ఏంటి అని కూడా నాన్నగారు అన్నారని రాశావు. ఆయన భయం నేను కొట్టిపారేయను. ఫీల్డ్ ఉద్యోగంలో ఎండ ఉంటుంది, ఒంటరి దారులు ఉంటాయి, బండి నడపడం రావాలి, ఊళ్లో మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే కనుక్కోవాలి. కానీ జీడి పిక్కలు ఏరేది ఆడవాళ్లు, ఫ్యాక్టరీలో పప్పు పొర తీసేది ఆడవాళ్లు, నర్సరీలో అంట్లు కట్టేదీ వాళ్లే. వాళ్లతో కూర్చుని మాట్లాడాలంటే మగ అధికారి కంటే నీకే తేలిక, వాళ్లు మగాళ్ల ముందు చెప్పని విషయాలు నీకు చెప్తారు. మందు కొట్టిన తోటలో మర్నాడే పిక్కలు ఏరి చేతులు మండిన సంగతి నాకు అలాగే తెలిసింది.

"చదువు లేకుండానే తోట చూసుకుంటున్నాను కదా" అన్న మాటకు ఎదురు చెప్పకు, ఆయన చెప్పింది నిజం. ఆయనకు ఆ మూడెకరాలు నీ ప్రొఫెసర్ల కంటే బాగా తెలుసు. నువ్వు అడగాల్సింది వేరే. కాపు ఏడాది విడిచి ఏడాది ఎందుకొస్తోంది నాన్నా, పోయినేడు పూత బాగా వచ్చి పిందె ఎందుకు రాలిపోయింది, గుత్తదారు చెప్పిన ధర సరైనదని ఎలా తెలుస్తుంది అని అడుగు. ఆయన దగ్గర జవాబున్నవి రాసుకో, లేనివి కాలేజీకి పట్టుకెళ్లు.

కౌన్సెలింగ్ లోపు చేయాల్సినవి: బడి చదువు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఏ బడికి ఆ బడికి వెళ్లి తెచ్చుకో, పాత బడుల్లో ఆలస్యం చేస్తారు. కుల, ఆదాయ పత్రాలు, పాసుపుస్తకం నకలు రెడీగా పెట్టుకో. ఆప్షన్లలో హార్టికల్చర్, అగ్రికల్చర్ రెండూ పెట్టు, ముందు ఏది పెట్టాలో ఇప్పుడు నీకే తెలుస్తుంది. ఈ వారంలో ఒక రోజు నాన్నగారితో కలిసి పార్వతీపురం కాలేజీకి వెళ్లి, ఫైనలియర్ అమ్మాయిలు ఉంటే వాళ్లతో ఆయన్ని మాట్లాడించు, హాస్టల్ చూపించు. ర్యాంకు వివరాలు, మీ తోటలో సువర్ణరేఖ చెట్ల వయసు రాసి పంపు, ముదురు చెట్లయితే కొమ్మలు ఎప్పుడు కొట్టించాలో కూడా చెప్తాను.